గడువు దగ్గరపడిన పాస్‌పోర్టు



మా యింట నొక ఇనుప బీరువా కలదు. దాని నడిమి అరలో, పట్టుచీరెల మడతల క్రింద, ఇంటి దస్తావేజులును, పిల్లల సర్టిఫికెట్లును, మా దంపతుల పాస్‌పోర్టులును ఒకే సంచిలో నుండును. తాళపుచెవి నా భార్య యొద్ద నుండును గాని, కాగితముల లెక్క మాత్రము నాది. ముప్పదియారు సంవత్సరములు బడిపంతులుగా హాజరుపట్టీలు వ్రాసినవాడను గావున, తేదీల విషయమున నాకు మించినవాడు లేడని కొంత అతిశయము కలదు. ఆ అతిశయము 2025వ సంవత్సరము మార్చి నెలలో ఎట్లు అణగినదో మీతో చెప్పుకొనుటకే నేడు ఈ మైకు ముందు కూర్చుంటిని.

మా అమ్మాయియు అల్లుడును సింగపూరులో ఉద్యోగములు చేయుచున్నారు. వారికి ఏడేండ్ల కుమారుడు. 2024 డిసెంబరులో అమ్మాయి ఫోను చేసి, "మార్చిలో వీడి బడికి వారంరోజులు సెలవులు. మీరిద్దరూ రండి. అందరం కలిసి కారులో మలేషియా వెళ్ళి పెద్దమ్మను చూసి వద్దాం" అనెను. పెద్దమ్మ అను మాట వినగానే నా భార్య ఫోను నా చేతినుండి లాగికొన్నది. అప్పుడే ప్రయాణము నిశ్చయమైనట్లు నాకు తెలిసిపోయెను.

ఆ పెద్దమ్మ యెవరో చెప్పనిదే ఈ కథ బోధపడదు. మా పెదనాయన, శ్రీకాకుళము జిల్లా యింకను ఏర్పడని రోజులలో, మలయా తోటలలో పనికి ఓడ యెక్కి పోయెను. జిల్లా యేర్పడినది 1950లో గదా! 1938లో నాటి భారత ప్రభుత్వము ఆ తోటలకు కూలీలను పంపుట నిలిపివేసినది. మా పెదనాయన దానికి రెండు మూడేండ్లకు ముందే పోయినవారిలో నొకడు. పోయినవాడు మరల రాలేదు. పెరాక్ రాష్ట్రమందలి బగాన్ దతో ప్రాంతమున కొబ్బరితోటలలో స్థిరపడెను. ఆ ప్రాంతమున మన తెలుగువారు నేటికిని గుంపులుగా నున్నారు. ఆయన కుమారుడు, అనగా మా అన్నయ్య, అక్కడనే పుట్టి పెరిగెను. 1983లో ఆయన మా ఊరి పాత చిరునామాకు ఒక ఉత్తరము వ్రాసెను. నేను రెండు పంక్తులలో జవాబు వ్రాసితిని. తరువాత ఆ వ్యవహారమంతయు నా భార్య చేతిలోనికి పోయినది. అటు వదినగారు, ఇటు నా భార్య. నీలిరంగు ఏరోగ్రాములు, పండుగకొకటి, పురిటికొకటి, చావుకొకటి. పచ్చళ్ళ కొలతలు సైతము సముద్రముమీద ప్రయాణము చేసినవి. ఆ పిమ్మట ఫోనులు వచ్చినవి, ముఖములు చూచుకొను ఫోనులు కూడ వచ్చినవి. కాని నలువదేండ్ల స్నేహములో ఒకరినొకరు చేయిపట్టి చూచుకొన్నది లేదు. అన్నయ్య 2016లో పోయెను. వదినగారికి 2025 నాటికి ఎనుబదియొకటవ యేడు.

ఇక పాస్‌పోర్టుల సంగతి. నాది 2019లో మార్పించుకొన్నది. నా భార్యది 2015 సెప్టెంబరు 14వ తేదీన ఇచ్చినది. 2025 సెప్టెంబరు 13 వరకు చెల్లును. అమ్మాయి ఫోను పెట్టివేసిన తోడనే నేను సంచి తీసి, కళ్ళజోడు పెట్టుకొని, రెండు తేదీలను చదివి, "మనము ఏప్రిలు 5న తిరిగి వచ్చుచున్నాము. దీనికి సెప్టెంబరు వరకు గడువున్నది. దిగులు లేదు" అని తీర్పు చెప్పితిని. నా భార్య, "ఇప్పుడే మార్పించుకుంటే పోదా? పక్కింటివాళ్ళు విశాఖపట్నం వెళ్ళి మార్పించుకున్నారు" అనినది. నేను నవ్వి, "చెల్లుబాటుగా నున్న పుస్తకమును ముందే మార్పించి తొమ్మిది నెలలు పారవేయుట యెందుకు?" అంటిని. మన దేశమున గడువు తీరుటకు ఒక సంవత్సరము ముందునుండియే పాస్‌పోర్టును తిరిగి జారీ చేయుటకు దరఖాస్తు పెట్టవచ్చును. ఆ సంగతి నాకు తెలియును. తెలిసియు నేను చేసినది పొదుపు. ఈ పొదుపునకు ఎంత ఖర్చైనదో ముందు వినెదరు గాక.

మార్చి 8వ తేదీ రాత్రి విశాఖపట్టణము విమానాశ్రయములో మొదటి హెచ్చరిక జరిగెను. మేమది హెచ్చరిక యని తెలిసికొనలేదు. సామాను తూచుచోట కూర్చున్న అమ్మాయి నా భార్య పాస్‌పోర్టు తెరచి, తెరవైపు చూచి, మరల పుస్తకము చూచి, వ్రేళ్ళమీద నెలలు లెక్కపెట్టినది. మార్చి, ఏప్రిలు, మే అని పెదవులు కదలుట నాకు కనబడుచుండెను. తరువాత తల యెత్తి, "నాలుగు రోజులు మిగిలాయండీ, సరిపోయింది" అని నవ్వినది. మేమును నవ్వితిమి. ఏవో నాలుగు రోజులు మిగిలినవట, మన అదృష్టము మంచిదని అనుకొని లోపలికి నడచితిమి.

ఆమె యెందులకు లెక్కపెట్టినది? చాల దేశములు, తమ గడ్డమీద కాలుపెట్టునాటికి పరదేశి పాస్‌పోర్టునకు కనీసము ఆరునెలల గడువు మిగిలియుండవలెనని నియమము పెట్టుకొన్నవి. సింగపూరు అట్టిది, మలేషియాయు అట్టిదే. వచ్చినవాడు జబ్బుపడవచ్చును, విమానములు నిలిచిపోవచ్చును, పదిరోజులకని వచ్చినవాడు మూడునెలలు ఉండిపోవలసి రావచ్చును. అప్పుడు చేతిలోని పుస్తకము కాలము తీరిపోయినచో ఆతనిని స్వదేశమునకు పంపుట చిక్కు. కావున ముందే జాగ్రత్త. నియమమునకు లోబడని వానిని ఎక్కించుకొనిపోయినచో, ఆతనిని తిరిగి తెచ్చు భారము విమానము నడపువారి మీదనే పడును. అందుచేతనే మన ఊరి విమానాశ్రయమునందే సింగపూరు లెక్క జరుగును. మార్చి 9వ తేదీ తెల్లవారుజామున మేము దిగునాటికి నా భార్య పుస్తకమునకు ఆరు నెలల నాలుగు దినముల ఆయువు కలదు. ఆ నాలుగు దినములే ఆమెను సింగపూరు లోనికి తీసికొనిపోయినవి.

సింగపూరులో మొదటి నాలుగు దినములు మనుమని బడి, కూరగాయల అంగడి, లిటిల్ ఇండియాలో ఇడ్లీలు - వీనితో గడచినవి. నా భార్య మాత్రము తెచ్చిన పెట్టెను పూర్తిగా విప్పలేదు. వదినగారికని తెచ్చిన పొందూరు ఖద్దరు చీరె, సున్నిపిండి, ఎండుమాగాయ అడుగుననే ఉంచినది. 15వ తేదీ శనివారము ఉదయము కారులో బయలుదేరవలెనని ఏర్పాటు.

13వ తేదీ గురువారము రాత్రి భోజనములైన పిమ్మట అల్లుడు కంప్యూటరు ముందు కూర్చుండెను. మలేషియాకు పోవు విదేశీయులు, చేరుటకు మూడు దినముల లోపల ఒక డిజిటల్ అరైవల్ కార్డు నింపవలెను. మన వారికి 2023 డిసెంబరు నుండి అక్కడ ముప్పది దినములకు వీసా అక్కరలేకున్నను, ఈ కార్డు తప్పదు. నేను ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క పుస్తకము చదువుచుంటిని, అతడు వ్రాయుచుండెను. నాది అయినది. మనుమనిది అయినది. నా భార్యది చదివితిని: "13 సెప్టెంబరు 2025."

అల్లుని చేయి నిలిచిపోయెను. "మామయ్యగారూ, మళ్ళీ చదవండి."

మరల చదివితిని. అతడు గోడమీది క్యాలెండరు వంక చూచెను. నేనును చూచితిని. విశాఖపట్టణములో ఆ అమ్మాయి వ్రేళ్ళు మడచుట అప్పుడు నా కన్నులకు కట్టినది. ఆరునెలల గీత ఆ దినమే. 15వ తేదీ నాటికి ఆ పుస్తకమునకు మిగులునది అయిదు నెలల చిల్లర.

మనుమడు పాస్‌పోర్టు తీసి పుటలు త్రిప్పి, "ఇందులో ఇంకా తెల్లకాగితాలు చాలా ఉన్నాయి కదా, తాతయ్యా" అనెను. వానికి జవాబు చెప్పుటకు నాకు నోరు రాలేదు.

అమ్మాయి మొదట అనిన మాట, "ఇంకా పదే అయింది. ఇప్పుడే బయలుదేరి వెళితే?" అని. విన్నప్పుడు ఉపాయముగనే తోచెను. అప్పుడు అల్లుడు విప్పిచెప్పిన సంగతియే ఈ ప్రసంగమునకు ప్రాణము. సింగపూరునకును మలేషియా యందలి జొహోరు బహ్రూనకును నడుమ సముద్రపు పాయమీద ఒక కట్ట కలదు. 1924లో ప్రారంభమైనది, పొడవు ఒక కిలోమీటరునకు కొంచెము మించును. ఆ కొనను ఒక దేశపు తనిఖీ, ఈ కొనను ఒక దేశపు తనిఖీ. మనము విహారమునకు పోయి నాలుగు దినములలో తిరిగి వచ్చెదము గావున సింగపూరులోనే యున్నట్లు భావింతుము. చట్టము అట్లు భావింపదు. కట్ట దాటినంతనే మనము సింగపూరు విడిచినట్లు. తిరిగి వచ్చునప్పుడు క్రొత్తగా వచ్చినట్లు. వచ్చిన ప్రతిసారియు ఆరునెలల లెక్క మొదటినుండి జరుగును. ఆ రాత్రియే పరుగెత్తి మలేషియాలో ప్రవేశించినను, నాలుగు దినముల తరువాత సింగపూరు ద్వారము వద్ద అదే పుస్తకము చాలనిదగును. మా తిరుగు విమానమో సింగపూరు నుండియే. పోవుటకు ఒక దారియు, వచ్చుటకు ఒక దారియు ఉండునని, రెండింటికిని వేరువేరు తేదీలు చూడవలెనని, తేదీల పండితుడనైన నాకు అంతవరకు తట్టలేదు. నేను చూచినది ఒకే తేదీ, ఇంటికి చేరు తేదీ. నిజమునకు స్వదేశమునకు చేరువానిని ఈ ఆరునెలల ప్రశ్న ఎవ్వరును అడుగరు. అడుగనిచోట లెక్క చూచుకొని, అడుగుచోట మరచితిని!

మరునాడు ఉదయము అల్లుడు నాలుగు దిక్కులను ఆరా తీసెను. సింగపూరులోని భారత హైకమిషను మన పౌరులకు పాస్‌పోర్టులు తిరిగి జారీ చేయును గాని, అది సెలవుల వారములో తేలునది కాదు. పైగా క్రొత్త పుస్తకమునకు క్రొత్త సంఖ్య. వీసాయేమో పాత సంఖ్యమీద నున్నది. ఎవరో తెలిసినాయన, "రద్దీ రోజుల్లో ఎవరు చూస్తారండీ, వెళ్ళిపోండి" అని ధైర్యము చెప్పెనట. అట్టి ధైర్యము చెప్పువారు ప్రతి ఊరను కలరు. ఆ సెలవుల రద్దీలో గంటలకొలది వరుసలో నిలిచి, అవతలి కొనను కాదనిపించుకొని, ఇవతలి కొనను ఏమందురో తెలియక, నడిమి కట్టమీద అరువది తొమ్మిదేండ్ల స్త్రీని నిలువబెట్టుట నాకు సమ్మతము కాలేదు. తనిఖీ చేయువాడు చూడకపోవచ్చును. చూడకపోవుట మీద కుటుంబమును నడిపింపరాదు.

అమ్మాయి మరొక మార్గము చెప్పినది. తల్లి తనతో ఉండవచ్చును, నేనును అల్లుడును పోయి వదినగారిని చూచి రావచ్చును. నా పుస్తకము 2029 వరకు చెల్లును గదా! నా భార్య అంతవరకు మాటాడలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనినచో నాకు సులువుగా నుండెడిది. పొందూరు చీరెను పెట్టెనుండి తీసి మరల మడత పెట్టుచు, "ఉత్తరాలు రాసింది నేను. మీరు వెళ్ళి ఆవిడతో ఏం మాట్లాడతారు?" అనినది. దానికి నాయొద్ద సమాధానము లేదు.

ఆ పగలు నాకు మా పెదనాయన పదేపదే జ్ఞాపకము వచ్చెను. ఆయన సముద్రము దాటినప్పుడు చేత పాస్‌పోర్టు ఉన్నట్లు మా యింట ఎవ్వరును చెప్పగా వినలేదు. అసలు ఈ పుస్తకము ప్రపంచమున మిక్కిలి పాతది కాదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధము రాకమునుపు ఐరోపాలో చాలమంది పాస్‌పోర్టు మాట లేకయే సరిహద్దులు దాటుచుండిరి. యుద్ధమునకు తాత్కాలికముగ వచ్చిన ఏర్పాటు యుద్ధము ముగిసినను పోలేదు. 1920లో నానాజాతి సమితి ఆధ్వర్యమున పారిస్‌లో ఒక సభ జరిగి, పాస్‌పోర్టు ముప్పదిరెండు పుటల చిన్న పుస్తకముగా నుండవలెనని ఒక మాదిరిని ఏర్పరచినది. మన దేశమునందు 1967 వరకు పాస్‌పోర్టు ఇచ్చుట, ఇవ్వకుండుట ప్రభుత్వము ఇష్టము. ఆ సంవత్సరము ఏప్రిలులో సుప్రీంకోర్టు, విదేశములకు పోవుట వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పగా, వెంటనే జూనులో పాస్‌పోర్టుల చట్టము వచ్చెను. హక్కు వచ్చినది, హక్కుతోబాటు గడువును వచ్చినది. ఆ రోజున మా యింట ఈ చరిత్ర వినుటకు ఎవరికిని ఓపిక లేదు గావున దానిని మీకు చెప్పుచున్నాను.

సాయంకాలము నా భార్య ఫోను తీసి వదినగారిని పిలిచినది. మా శ్రీకాకుళపు వాడుకలో అక్కను అప్ప యందురు. "అప్పా, నేను రాలేకపోతున్నాను. నా పాస్‌పోర్టుకి గడువు చాలదట" అని చెప్పి, ఇక చెప్పలేక ఫోను నాకిచ్చినది. నేను ఆరునెలల నియమము, కట్ట, రెండు ద్వారములు అన్నియు వివరింప మొదలిడితిని. వదినగారు సగములో ఆపి, "దానికివ్వు ఫోను" అనిరి. ఇచ్చితిని. మలయాలో పుట్టి, మన దేశము గాలియైన పీల్చని ఆ ముసలామె నోట అచ్చముగ మా ఊరి మాట వెలువడినది: "ఒలే, ఏడవకు. నువ్వు రాలేకపోతే నానే వస్తాను."

మాకు ఆ యూహయే లేదు. ఎంతసేపును మనము పోవుటయే గాని, ఎనుబదియొకటేండ్ల ఆమె రాగలదని ఎట్లు తలచెదము?

కాని వదినగారి పుస్తకమునకు మా దానికంటె విచారకరమైన కథ కలదు. అన్నయ్యయు ఆమెయు కలిసి ఇండియా వచ్చి తాతగారి ఊరు చూడవలెనని 2016లో పాస్‌పోర్టులు తీసిరి. ఆ సంవత్సరమే అన్నయ్య పోయెను. మలేషియావారి పాస్‌పోర్టు అయిదేండ్లదే. వదినగారి పుస్తకము మీద ఒక్క దేశపు ముద్రయైన పడకుండ, మహమ్మారి రోజులలో, 2021లో దాని కాలము తీరిపోయెను. ఆమె దానిని అన్నయ్య కళ్ళజోడుతోబాటు డ్రాయరులో పెట్టియుంచిరి.

ఆ దేశమున ఒక సౌకర్యము కలదు. దానిని మెచ్చుకొనక తప్పదు. కాగితములు సరిగా నున్నచో అక్కడి ఇమ్మిగ్రేషన్ కార్యాలయములలో పౌరులకు పాస్‌పోర్టును చాలవరకు ఆ దినమే చేతికిత్తురు. సోమవారము ఉదయము ఆమె మనుమడు ఆమెను దగ్గరి పట్టణమునకు తీసికొనిపోయెను. ఫొటో తీసిరి, వ్రేలిముద్రలు తీసికొనిరి. వయసుచేత వ్రేలి గీతలు అరిగిపోయి యంత్రము రెండుమూడు సార్లు ఒప్పుకొనలేదట. "డెబ్బయ్యేళ్ళు కొబ్బరి ఒలిచిన వేళ్ళు ఇవి" అని ఆమె అక్కడి ఆఫీసరుతో మలై భాషలో అనగా, ఆయన నవ్వి, చేయి తానే పట్టుకొని అద్దముమీద నొక్కెనట. మధ్యాహ్నము భోజనమువేళకు క్రొత్త పుస్తకము చేతికి వచ్చెను. ఆ పుస్తకపు మొదటి పుట ఫొటో నా భార్య ఫోనునకు వచ్చినప్పుడు మేము ముగ్గురము ఏకకాలమున చూచినది ఆమె ముఖము కాదు, అడుగున ఉన్న తేదీ! మార్చి 2030.

19వ తేదీ బుధవారము చీకటితో వారు బయలుదేరిరి. కౌలాలంపూరు మీదుగా దేశము దక్షిణపు కొనవరకు రావలెను. కారును జొహోరు బహ్రూలో నిలిపి, మనుమడును ఆమెయు బస్సులో కట్ట దాటునట్లు ఏర్పాటు. బస్సు మొదట మలేషియా తనిఖీ వద్ద ఆగును. దిగి, నడచి, చూపించుకొని, మరల బస్సు ఎక్కవలెను. సింగపూరు వైపున మరల దిగవలెను, మరల నడువవలెను. ముసలివారికిది సామాన్యమైన శ్రమ కాదు. మేము ఇవతల క్రాంజీ మెట్రో స్టేషను వద్ద బస్సులు ఆగుచోట పదకొండు గంటలకే పోయి నిలిచితిమి. ఒంటిగంట అయినది. రెండు అయినది. బస్సు వచ్చినప్పుడెల్ల నా భార్య ముందుకు పోవుట, వెనుకకు వచ్చుట. నేను ఊరకుండక, "సింగపూరు వారును పుస్తకము చూచెదరు గదా, క్రొత్తది గావున ఇబ్బంది ఉండదులే" అంటిని. నా భార్య నావంక చూచిన చూపును మీకు వర్ణింపను.

మూడు గంటలు కావచ్చుచుండగా ఒక బస్సు వెనుకతలుపు నుండి ఒక కుఱ్ఱవాడు దిగి చేయి అందించెను. ఆ చేయి పట్టుకొని, తెల్లని పొట్టి మనిషి, పూలచొక్కావంటి మలై రవికె, మీద చీరె, భుజమున గుడ్డసంచి, మెల్లగా దిగినది. దిగినవెంటనే అటునిటు చూడలేదు. వంగి చెప్పు సరిచేసికొన్నది. నా భార్య పరుగెత్తలేదు. దగ్గరకు నడచిపోయి, ఆ చెప్పు పట్టీ తానే వంగి తగిలించి, తరువాత తల యెత్తినది. ఇద్దరును కొంతసేపు ఏమియు అనలేదు. చివరకు వదినగారే, "ఫోన్లో కంటే నల్లగా ఉన్నావే" అనిరి.

ఆమె మూడు దినములు మాతో నుండిరి. ఆ మూడు దినములలో నన్ను పిలిచినవారు లేరు. సంచిలో తోట కొబ్బరికాయలు ఎండబెట్టి చేసిన కురిడీలు, ఒక డబ్బాలో చింతపండు పచ్చడి వచ్చినవి. ఆ పచ్చడి కొలతలు 1991లో నా భార్య వ్రాసి పంపినవట. రుచి చూచి, ఉప్పు కొంచెము ఎక్కువ పడినదని నేను అనగా, అది ఉత్తరములో మీరు వ్రాసినట్లే వేసినదని తేలెను. ఆ ఉత్తరము నా భార్య చెప్పగా నేనే వ్రాసితినట!

శ్రోతలలో విదేశములనున్న బిడ్డలను చూడబోవువారు అనేకులుందురు. నాకు జరిగినది చెప్పితిని గావున నేను పిదప తెలిసికొన్నదియు కొంత చెప్పెదను. అన్ని దేశములకును ఒకే లెక్క లేదు. ఐరోపాలో షెంగెన్ దేశములకు పోవువారి పాస్‌పోర్టు, అక్కడినుండి వెలువడు దినమునకు పిమ్మట మూడునెలలు చెల్లవలెను. అంతియగాక అది ఇచ్చి పదేండ్లు మించియుండరాదు. మన పొరుగున నేపాలునకు పోవు భారతీయులకు ఓటరు గుర్తింపుకార్డు చాలును. దానికి కాలము తీరు తేదీయే లేదు. ఇట్లు ఒక్కొక్క గుమ్మమునకు ఒక్కొక్క కొలత. కుటుంబములో పసిపిల్లలున్నచో మరియొక చిక్కు. పెద్దల పాస్‌పోర్టు పదేండ్లు చెల్లగా, పిల్లలది సాధారణముగ అయిదేండ్లే. తల్లిదండ్రుల పుస్తకములు చూచి మనవి బాగుగనే యున్నవని నిశ్చింతగా నుండగా, పిల్లవానిది చడిచప్పుడు లేకుండ కాలము తీరును. మా మనుమని మొదటి పుస్తకములో ఫొటో నెలల పసికందుది. ముక్కు తప్ప నేటి వానికిని దానికిని పోలిక లేదు. రెండవది 2023లో తీసిరి. దానిని 2028 వరకు చూచుకొనవలెను. కాదు, నేను మరల పాతలెక్క చెప్పుచున్నాను. 2027లోనే చూచుకొనవలెను.

మా అల్లుడు ఇంకొక పని చేసెను. ఒక కాగితముమీద ఇంటిల్లిపాది పేర్లు వ్రాసి, ఎదుట పాస్‌పోర్టు తీరు తేదీ గాక, దానికి ఆరునెలల ముందు తేదీని ఎఱ్ఱసిరాతో వ్రాసి ఫ్రిజ్ తలుపునకు అంటించెను. ఆ కాగితమున మొదటి పేరు నా భార్యది, దానికెదురుగ వ్రాసిన తేదీ గడచిపోయి వారమైనది. నేను మంచినీళ్ళకని పోయినప్పుడెల్ల ఆ పంక్తి నన్ను పలుకరించుచుండెడిది.

ఏప్రిలు 5న తిరిగి వచ్చితిమి. మరుసటి వారమే విశాఖపట్టణములోని పాస్‌పోర్టు కేంద్రమునకు ఇద్దరమును పోతిమి. ఈసారి దరఖాస్తు నా భార్యయే నింపినది. నేను సంచి పట్టుకొని కూర్చుంటిని. క్రొత్త పుస్తకము మే నెలలో తపాలాలో వచ్చెను. పాతదానిని అంచులు కత్తిరించి, రద్దు ముద్రవేసి తిరిగి యిచ్చిరి. దానిని ఆమె ఏరోగ్రాముల కట్టలో పెట్టినది.

ఆ రాత్రి వదినగారి ఫోను వచ్చెను. "వచ్చిందా పుస్తకం? ఎప్పటిదాకా?"

"2034 నవంబరు దాకా, అప్పా."

నేను పక్కనుండి, పుస్తకములో 2035 మే అని యున్నదే అనబోయి ఊరకుంటిని.

"మరి నాది 2030 మార్చి కదే?"

"కాదప్పా, 2029 సెప్టెంబరు అనుకో. అప్పటిదాకా ఎందుకులే, సంకురాతిరికి నేనే వస్తాను. మాగాయ ఈసారి నేను చెప్తాను, ఈయన రాయరు."